యూనిట్ 11: డాస్ వర్చువల్ యంత్రానికీ హోస్ట్ కంప్యూటర్‌కూ ఉమ్మడి ఫోల్డర్లు – చారిత్రక పరిశీలన

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను ఎలా చూస్తుందో, బయటి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను దానికి ఒక డ్రైవ్‌గా చూపించే పద్ధతి ఎప్పుడు, ఎందుకు పుట్టిందో, వర్చువల్ యంత్రాలు వచ్చాక ఆ పద్ధతి ఏయే రూపాలు తీసుకున్నదో వివరించగలుగుతారు.

11.1 ప్రవేశిక

తెలుగు రాష్ట్రాల్లో సి భాష నేర్చుకున్న విద్యార్థుల్లో చాలామందికి టర్బో సి నీలిరంగు తెర పరిచయమే. బోర్లాండ్ సంస్థ 1987లో విడుదల చేసిన ఈ కంపైలర్ డాస్ కోసం తయారైనది. 64 బిట్ విండోస్ మీద అది నేరుగా నడవదు. అందుకే ఇప్పుడు విద్యార్థులు దించుకునే టర్బో సి ప్యాకేజీల్లో చాలావాటి లోపల డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రామ్ ఉంటుంది. విద్యార్థి ఎఫ్2 నొక్కి ప్రోగ్రామ్‌ను భద్రపరుస్తాడు. తరువాత విండోస్‌లోకి వచ్చి దాన్ని వెతుకుతాడు. ఒక్కోసారి వెంటనే దొరుకుతుంది, ఒక్కోసారి ఎంత వెతికినా దొరకదు. టర్బో సి దాన్ని సి డ్రైవ్‌లోనే పెట్టానని చెబుతుంది. విండోస్‌లో కూడా సి డ్రైవ్ ఉంది. కాని ఆ రెండూ ఒకటి కావు.

పేరు ఒకటే, చోటు వేరు. ఈ చిక్కు ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే దాదాపు నలభై ఏళ్ల చరిత్ర చూడాలి. ఈ పాఠంలో నిజమైన కంప్యూటర్‌ను హోస్ట్ అనీ, దాని లోపల సాఫ్ట్‌వేర్ కల్పించిన కంప్యూటర్‌ను వర్చువల్ యంత్రం లేదా గెస్ట్ అనీ వ్యవహరిస్తాం.

11.2 డాస్ దృష్టిలో డిస్క్

1981లో ఐబిఎం పీసీతో వచ్చిన డాస్ మొదటి రూపంలో ఉప డైరెక్టరీలు కూడా లేవు. ఫ్లాపీ మీద ఉన్న ఫైళ్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. 1983లో పీసీ ఎక్స్‌టీతోపాటు వచ్చిన డాస్ 2.0లో హార్డ్ డిస్క్, ఉప డైరెక్టరీలు, బయటివారు రాసుకోగల డివైస్ డ్రైవర్లు వచ్చాయి. కొత్త రకం డిస్క్‌ను తయారుచేసిన సంస్థ దానికి ఒక డ్రైవర్ రాసి ఇస్తే డాస్ దానికో అక్షరం కేటాయించేది.

కాని ఆ డ్రైవర్‌తో డాస్ మాట్లాడే భాష చాలా పరిమితమైనది. 'ఫలానా నంబరు సెక్టార్ చదువు', 'ఫలానా సెక్టార్‌లో ఇది రాయి' అని మాత్రమే అడుగుతుంది. ఏ సెక్టార్లు ఏ ఫైలుకు చెందుతాయో తెలిపే ఫ్యాట్ పట్టికను నిర్వహించే పని పూర్తిగా డాస్‌దే. అందులో కొంత భాగాన్ని జ్ఞాపకంలోనే ఉంచుకుంటుంది. ఆ డిస్క్‌కు యజమానిని నేను ఒక్కడినే అన్న నమ్మకం మీద డాస్ పని చేస్తుంది.

ఈ విషయాన్ని విద్యార్థులు బాగా గమనించాలి. ఒకే గ్రామ అడంగల్‌ను ఇద్దరు కరణాలు చెరొక నకలు దగ్గర పెట్టుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు దిద్దుతూ, సాయంత్రం ఎవరి నకలును వారు అసలు పుస్తకంలోకి ఎక్కించారనుకోండి. రెండో కరణం ఎక్కించినదే మిగులుతుంది. మొదటివాడు రాసిన పొలాలు గల్లంతవుతాయి. ఒకే డిస్క్ ఇమేజ్‌ను హోస్ట్, గెస్ట్ రెండూ ఒకేసారి తెరిచి రాస్తే జరిగేది సరిగ్గా ఇదే. వర్చువల్ యంత్రం నడుస్తుండగా దాని హార్డ్ డిస్క్ ఇమేజ్‌ను హోస్ట్‌లో తెరవకూడదని చెప్పడానికి కారణం కూడా ఇదే.

కాబట్టి ఉమ్మడి ఫోల్డర్ కావాలంటే సెక్టార్ స్థాయిలో పంచుకుంటే కుదరదు. 'ఈ పేరుగల ఫైలు తెరువు', 'ఇన్ని బైట్లు చదువు' అనే స్థాయిలోనే డాస్ కోరికను పట్టుకుని, ఆ పని హోస్ట్‌కు అప్పగించాలి. పుస్తకం ఒక కరణం దగ్గరే ఉండాలి. రెండోవాడు అతణ్ణి అడిగి రాయించుకోవాలి.

11.3 రీడైరెక్టర్ పుట్టుక

ఈ అవసరం వర్చువల్ యంత్రాల కంటే ముందే, నెట్‌వర్క్‌ల రూపంలో వచ్చింది. ఒక కార్యాలయంలోని పీసీలన్నీ ఒక సర్వర్‌లోని ఫైళ్లను వాడుకోవాలి. ఐబిఎం 1984లో పీసీ నెట్‌వర్క్‌ను ప్రకటించింది. ఆ సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించిన ఎస్‌ఎంబి అనే ప్రోటోకాల్ ఫైలు కోరికలను తీగ మీద పంపే పద్ధతిని నిర్ణయించింది. ఆ కోరికలను పంపగల ఏర్పాటు డాస్‌లో 3.1తో వచ్చింది.

ఏర్పాటు ఇలా పనిచేస్తుంది. ప్రోగ్రామ్ ఏదైనా ఫైలు కావాలంటే ఇంటరప్ట్ 21హెచ్ ద్వారా డాస్‌ను అడుగుతుంది. డాస్ ఆ డ్రైవ్ అక్షరానికి సంబంధించిన చిన్న పట్టికను చూస్తుంది. అది మామూలు డిస్క్ అయితే తానే ఫ్యాట్ లెక్కలు చూసుకుంటుంది. అది నెట్‌వర్క్ డ్రైవ్ అని గుర్తు ఉంటే తాను ఏమీ చేయకుండా ఇంటరప్ట్ 2ఎఫ్ హెచ్, 11హెచ్ విభాగం ద్వారా ఆ కోరికను మెమరీలో కూర్చున్న మరో చిన్న ప్రోగ్రామ్‌కు దాటవేస్తుంది. దాన్నే రీడైరెక్టర్ అంటారు. తెరవడానికి ఒక నంబరు, చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి, డైరెక్టరీలో వెతకడానికి ఒకటి, ఇలా పనులకు వేరువేరు నంబర్లు ఉంటాయి. అవతల ఉన్నది ఫ్యాట్ డిస్కా, యూనిక్స్ సర్వరా, సీడీనా అన్నది డాస్‌కు అక్కరలేదు. సీడీ రామ్‌ను డాస్‌లో చూపించిన ఎంఎస్‌సిడిఎక్స్ ప్రోగ్రామ్ కూడా నెట్‌వర్క్‌తో ఏ సంబంధం లేకపోయినా ఈ దారినే వాడుకుంది. సీడీ మీద ఫ్యాట్ పట్టిక ఉండదు కనుక దానికి వేరే మార్గం లేదు.

ఇంత ఉపయోగకరమైన ఈ ఏర్పాటును మైక్రోసాఫ్ట్ బహిరంగ పత్రాల్లో వివరించలేదు. బయటి ప్రోగ్రామర్లు డాస్‌ను విప్పి చూసి తెలుసుకోవలసి వచ్చింది. 1990లో ఆండ్రూ షుల్మన్, ఆయన సహరచయితలు ప్రచురించిన 'అన్‌డాక్యుమెంటెడ్ డాస్' అనే గ్రంథం ఇలాంటి దాచిన విషయాలను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పైగా ఆ ఏర్పాటు నిలకడగా కూడా లేదు. పైన చెప్పిన డ్రైవ్ పట్టికలో ఒక్కో డ్రైవ్‌కు డాస్ 3లో 81 బైట్లు ఉంటే డాస్ 4 నుంచి 88 బైట్లు అయ్యాయి. ఏ వెర్షన్ నడుస్తుందో ముందు కనుక్కోకుండా రాసిన రీడైరెక్టర్ మెమరీని పాడుచేస్తుంది. ఒక సంస్థ తన ఇంటి గోడ వెనుక ఉంచుకున్న తలుపు మీద ఆ తరువాత వచ్చిన ఉమ్మడి ఫోల్డర్ల పరిష్కారాల్లో అధిక భాగం ఆధారపడ్డాయి. ఈ వ్యాసకర్త దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన విషయం ఇదే. అది కేవలం సాంకేతిక విషయం కాదు. పత్రాలు లేని చోట పని ఎవరు చేయగలరు, ఎవరు చేయలేరు అన్నది ఆ గోడ నిర్ణయించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సీడీ రామ్‌కు డాస్ మామూలు డివైస్ డ్రైవర్ ఒక్కటే ఎందుకు చాలలేదు? ఐదు వాక్యాల్లో రాయండి.

11.4 యూనిక్స్ లోపల డాస్

1985లో ఇంటెల్ విడుదల చేసిన 80386 ప్రాసెసర్‌లో వర్చువల్ 8086 అనే పద్ధతి ఉంది. దాని సహాయంతో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తన అదుపులోనే అనేక డాస్ యంత్రాలను నడపవచ్చు. లోకస్ కంప్యూటింగ్ సంస్థ తయారుచేసిన మెర్జ్ అనే సాఫ్ట్‌వేర్ 386 యూనిక్స్ కంప్యూటర్లలో ఇలాగే డాస్‌ను నడిపింది. అందులో యూనిక్స్ ఫైళ్లే డాస్ ప్రోగ్రామ్‌కు డ్రైవ్‌గా కనిపించేవి.

లినక్స్ లోకంలో ఈ పని చేసినది డాస్‌ఎము. 1992లో దాని మొదటి రూపాన్ని మథియాస్ లౌట్నర్ రాశారు. ఇది నిజమైన డాస్‌నే లోపల బూట్ చేస్తుంది. ఎల్‌రీడైర్ అనే ఆదేశం ఇచ్చి ఫలానా లినక్స్ డైరెక్టరీ ఫలానా డ్రైవ్ అని చెబితే చాలు, పైన వివరించిన 2ఎఫ్ హెచ్ దారిలో వచ్చిన కోరికలను డాస్‌ఎము పట్టుకుని లినక్స్‌కు అందిస్తుంది. తీగ లేదు, నెట్‌వర్క్ కార్డు లేదు. నెట్‌వర్క్ కోసం చేసిన ఏర్పాటును ఒకే పెట్టెలోని రెండు లోకాల మధ్య వాడుకున్నారు. ఈ భాగానికి మూలం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాక్ కెర్నల్ కోసం చేసిన డాస్ ఎమ్యులేటర్ కోడ్.

దాదాపు అదే సమయంలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్‌కు ఒక ఇబ్బంది వచ్చింది. తన డాస్ పీసీలో ఒక యూనిక్స్ సర్వర్ డిస్క్‌ను డ్రైవ్‌గా చూడాలి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వారి పాత్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ పీసీ వైపు ఉంది, కాని ఆ యూనిక్స్ వైపు దానికి జవాబు చెప్పేది లేదు. ఆయన తీగ మీద పోయే సందేశాలను పట్టి చూసి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తుందో గమనించి, తానే ఒక సర్వర్ రాశారు. 1992 ఆరంభంలో దాన్ని అందరికీ ఇచ్చారు. తాను అనుకరిస్తున్నది ఎస్‌ఎంబి ప్రోటోకాల్ అన్న సంగతి ఆయనకు మొదట్లో తెలియదు. ఆ తరువాత పేరు మార్చవలసి వచ్చినప్పుడు ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరుసలో ఉన్న పదాల కోసం నిఘంటువు ఫైలును వెతికించి 'సాంబా'ను ఎంచుకున్నారు. ఒక డాస్ పీసీకి డ్రైవ్ కావాలన్న కోరిక నుంచి పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ తరువాత లోకమంతా వ్యాపించింది. ఈ ప్రోటోకాల్ పత్రాల కోసం జరిగిన పోరాటం యూరోపియన్ కమిషన్ వరకు వెళ్లింది. 2004 నాటి కమిషన్ నిర్ణయం తరువాత, 2007 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం 10,000 యూరోలు ఒక్కసారి చెల్లించి ఆ పత్రాలను పొందే వీలు సాంబా బృందానికి కలిగింది. పై భాగంలో చెప్పిన గోడ సంగతికి ఇది కొనసాగింపు.

11.5 విండోస్ లోపల డాస్

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1లో ఎన్‌టీవీడీఎం అనే డాస్ వర్చువల్ యంత్రం ఉంది. వాడుకరికి దాని ఉనికే తెలిసేది కాదు. డాస్ ప్రోగ్రామ్ మీద రెండుసార్లు నొక్కితే అది నడిచేది. దానికి తాను డాస్ 5.0 మీద ఉన్నానని అనిపించేది. సి డ్రైవ్ అంటే విండోస్ వారి సి డ్రైవే. ఫైలు కోరిక రాగానే లోపలి డాస్ ఒక ప్రత్యేకమైన చెల్లని ఇన్‌స్ట్రక్షన్‌ను అమలుచేసేది. దాంతో అదుపు విండోస్ చేతికి వచ్చేది. విండోస్ ఆ పని తన సొంత పద్ధతిలో చేసి జవాబు ఇచ్చేది. ఫోల్డర్‌ను పంచుకోమని ఎవరూ చెప్పనవసరం లేదు. అన్నీ ముందే ఉమ్మడి.

ఇంత సుఖం 64 బిట్ విండోస్‌తో ముగిసింది. 64 బిట్ ప్రాసెసర్ లాంగ్ మోడ్‌లో ఉన్నప్పుడు వర్చువల్ 8086 పద్ధతి పనిచేయదు. అందువల్ల మైక్రోసాఫ్ట్ 64 బిట్ విండోస్‌లో ఎన్‌టీవీడీఎంను పెట్టలేదు. డాస్ కాలపు డీబేస్, ఫాక్స్‌ప్రో ప్రోగ్రామ్‌లతో లెక్కలు, సభ్యుల జాబితాలు నడుపుకుంటున్నవారు కొత్త కంప్యూటర్ కొన్న రోజున ఇబ్బందిలో పడ్డారు. ప్రోగ్రామ్ నడవదు. డేటా మాత్రం ఎదురుగా ఫోల్డర్‌లో ఉంటుంది. అప్పుడు వర్చువల్ యంత్రం అవసరమైంది. దానితోపాటు ఉమ్మడి ఫోల్డర్ ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది.

11.6 డాస్‌బాక్స్

2002లో పీటర్ వీన్‌స్ట్రా, షూర్డ్ వాన్ డెర్ బెర్గ్ మొదలుపెట్టిన డాస్‌బాక్స్ ఈ ప్రశ్నను పక్కదారి నుంచి పరిష్కరించింది. ఇందులో మైక్రోసాఫ్ట్ డాస్ ఉండదు. ఇంటరప్ట్ 21హెచ్‌కు జవాబు చెప్పేది డాస్‌బాక్స్ తానే. కాబట్టి రీడైరెక్టర్ అవసరమే లేదు. మౌంట్ ఆదేశంతో ఒక అక్షరాన్ని, హోస్ట్‌లోని ఒక ఫోల్డర్ దారిని చెబితే ఆ ఫోల్డరే ఆ డ్రైవ్ అవుతుంది. పాఠం మొదట్లో చెప్పిన విద్యార్థి సమస్యకు జవాబు ఇదే. డాస్‌బాక్స్‌లోని సి డ్రైవ్ అంటే మౌంట్ చేసిన ఫోల్డర్. ఉదాహరణకు మౌంట్ చేసినది హోస్ట్‌లో 'టర్బోసి3' ఫోల్డర్ అయితే, లోపల సి డ్రైవ్ మొదటి అంచెలో ఉన్న ఫైలు హోస్ట్‌లో ఆ ఫోల్డర్‌లో ఉంటుంది. ప్యాకేజీ తయారుచేసినవారు ఏ ఫోల్డర్‌ను మౌంట్ చేశారో డాస్‌బాక్స్ కాన్ఫిగరేషన్ ఫైలు చివరి భాగంలో చూడవచ్చు.

రెండు విషయాల్లో జాగ్రత్త కావాలి. డాస్‌బాక్స్ వేగం కోసం డైరెక్టరీ జాబితాను గుర్తుపెట్టుకుంటుంది. అది నడుస్తుండగా మీరు హోస్ట్ వైపు నుంచి కొత్త ఫైలు పెడితే లోపల కనిపించకపోవచ్చు. కంట్రోల్, ఎఫ్4 కలిపి నొక్కితే జాబితా మళ్లీ చదువుతుంది. రెండోది, హోస్ట్ సి డ్రైవ్ మొత్తాన్ని మౌంట్ చేయడం. అలా చేస్తే డాస్‌బాక్స్ వద్దని హెచ్చరిస్తుంది. డాస్ ప్రోగ్రామ్‌కు అనుమతులు, వాడుకరులు అన్న భావనలే లేవు. పాత ఫ్లాపీ నుంచి వచ్చిన ప్రోగ్రామ్‌లో వైరస్ ఉన్నా, డెల్ ఆదేశం తప్పుగా కొట్టినా, నష్టపోయేది హోస్ట్‌లోని అసలు ఫైళ్లే. ఒక చిన్న ఫోల్డర్‌ను మాత్రమే ఇవ్వడం మంచిది.

డాస్‌బాక్స్‌లో బూట్ ఆదేశంతో నిజమైన డాస్ ఇమేజ్‌ను నడిపితే మౌంట్ చేసిన ఫోల్డర్లు మాయమవుతాయి. అప్పుడు ఇంటరప్ట్ 21హెచ్ డాస్‌బాక్స్ చేతిలో ఉండదు కనుక ఇది సహజమే.

11.7 పూర్తి వర్చువల్ యంత్రాలు

కనెక్టిక్స్ సంస్థ 1997లో మెకింటాష్ కోసం విడుదల చేసిన వర్చువల్ పీసీ, 1999లో వచ్చిన విఎంవేర్ వర్క్‌స్టేషన్, 2007లో వచ్చిన వర్చువల్‌బాక్స్ మొత్తం పీసీనే అనుకరిస్తాయి. లోపల ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా వేసుకోవచ్చు. అందుకే అవి డాస్ తరఫున జవాబు చెప్పలేవు. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక సహాయక ప్రోగ్రామ్ ఉండాలి.

వర్చువల్ పీసీకి డాస్ కోసం ఎఫ్‌షేర్ అనే సహాయకం ఉండేది. 2003లో మైక్రోసాఫ్ట్ ఆ ఉత్పత్తిని కొన్న తరువాత క్రమంగా డాస్ మీద శ్రద్ధ తగ్గింది. విఎంవేర్, వర్చువల్‌బాక్స్ సంస్థలు విండోస్‌కు, లినక్స్‌కు సహాయకాలు ఇచ్చాయి కాని డాస్‌కు ఉమ్మడి ఫోల్డర్ సహాయకం ఇవ్వలేదు. వ్యాపార దృష్టితో చూస్తే తప్పుపట్టలేం. డాస్ కోసం డబ్బు చెల్లించేవారు అప్పటికి మిగల్లేదు.

ఈ ఖాళీని పూరించినవారు స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు. ఎడ్వర్డో కసినో రాసిన విఎంఎస్‌మౌంట్ అనే రీడైరెక్టర్ విఎంవేర్ లోపలి డాస్‌కు హోస్ట్ ఫోల్డర్లను చూపిస్తుంది. విఎంవేర్ తన సహాయకాలతో మాట్లాడడానికి 5658 హెచ్ నంబరుగల ఇన్‌పుట్ అవుట్‌పుట్ పోర్టును వాడుతుంది. నిజమైన కంప్యూటర్‌లో ఆ పోర్టు దగ్గర జవాబు చెప్పేవారు ఉండరు. వర్చువల్ యంత్రంలో అయితే హోస్ట్ జవాబు చెబుతుంది. విఎంఎస్‌మౌంట్ ఒక చేత్తో 1980ల నాటి 2ఎఫ్ హెచ్ ఏర్పాటును, మరో చేత్తో ఈ పోర్టును పట్టుకుంటుంది. వర్చువల్‌బాక్స్‌కు ఇలాంటి రీడైరెక్టర్ 2022లో గాని రాలేదు. మతేయుష్ విస్తే రాసిన ఈథర్ డిఎఫ్‌ఎస్ మరో దారి. అది టీసీపీ, ఐపీ ఏవీ లేకుండా ఈథర్నెట్ ఫ్రేముల్లోనే ఫైలు కోరికలను పంపుతుంది. మెమరీలో కొన్ని కిలోబైట్లు మాత్రమే తీసుకుంటుంది. 640 కిలోబైట్లలోనే అన్నీ ఇమడవలసిన డాస్‌కు ఇది చిన్న విషయం కాదు. నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ అంతా ఎక్కించాక అసలు ప్రోగ్రామ్‌కు చోటు చాలకపోవడం ఆ రోజుల్లో సాధారణం.

క్యూఈఎంయూలో ఉన్న వివిఫ్యాట్ ఏర్పాటు దీనికి భిన్నం. అది హోస్ట్ ఫోల్డర్‌ను చూసి అప్పటికప్పుడు ఒక ఫ్యాట్ డిస్క్‌ను కల్పించి గెస్ట్‌కు చూపిస్తుంది. గెస్ట్‌లో ఏ సహాయకమూ అక్కరలేదు. కాని ఇది సెక్టార్ స్థాయి పద్ధతి. 11.2లో చెప్పిన ఇద్దరు కరణాల సమస్య ఇక్కడ తిరిగి వస్తుంది. గెస్ట్ వాడుతుండగా హోస్ట్ వైపు నుంచి ఆ ఫోల్డర్‌లో రాయకూడదని దాని పత్రాలే చెబుతాయి. చదవడానికి మాత్రమే వాడితే అంత భయం లేదు.

11.8 పేర్లు, సమయాలు, అక్షరాలు

తలుపు తెరుచుకున్నా సామానంతా అందులో నుంచి పట్టదు. డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, పొడిగింపుకు మూడు. హోస్ట్‌లో పొడవైన పేరు ఉంటే రీడైరెక్టర్ దాన్ని కుదించి, చివర టిల్డె గుర్తు, ఒక అంకె చేర్చి చూపిస్తుంది. లినక్స్‌లో పెద్ద అక్షరాల పేరు, చిన్న అక్షరాల పేరు వేరువేరు ఫైళ్లు. డాస్‌కు రెండూ ఒకటే. ఖాళీ స్థలం విషయంలో కూడా చిక్కు ఉంది. హోస్ట్‌లో వందల గిగాబైట్ల ఖాళీ ఉందని నిజం చెబితే పాత ఇన్‌స్టలేషన్ ప్రోగ్రామ్‌ల లెక్క పొంగి, చోటు లేదని ఆగిపోతాయి. అందుకే డాస్‌బాక్స్ మామూలుగా దాదాపు 250 మెగాబైట్లే ఖాళీ ఉందని చెబుతుంది. అబద్ధమే అయినా పని జరుగుతుంది. ఫైలు తేదీలు 1980 నుంచి మాత్రమే మొదలవుతాయి, సమయం రెండేసి సెకన్లుగా నమోదవుతుంది. పాఠ్య ఫైలులో పంక్తి చివర డాస్ రెండు గుర్తులు పెడితే లినక్స్ ఒకటే పెడుతుంది.

తెలుగు వాడుకరికి మరో అడ్డంకి ఉంది. హోస్ట్‌లో తెలుగు లిపిలో పేరు పెట్టిన ఫైలును డాస్ చూడలేదు, చూసినా గుర్తుపట్టలేని అక్షరాలుగా చూస్తుంది. అందుకని ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టే ఫైళ్లకు ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి పేర్లు ఇవ్వడమే మేలు. ఫైలు లోపలి విషయం సంగతి వేరు. డాస్ కాలంలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీ-డాక్ అభివృద్ధి చేసిన జిస్ట్ కార్డు ద్వారా భారతీయ భాషల్లో పనిచేసినవారు ఇస్కీ సంకేతాలను వాడారు. 1991లో అది ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణమైంది. అలాంటి ఫైలును ఉమ్మడి ఫోల్డర్ ద్వారా హోస్ట్‌కు తెస్తే ఒక్క బైటు కూడా మారదు. అయినా తెర మీద తెలుగు కనిపించదు. ఇస్కీలో భారతీయ లిపులన్నింటికీ ఒకే సంకేతాల వరుస ఉంటుంది. యూనికోడ్‌లో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ప్రత్యేకమైన వరుస ఉంది. ఆ ఫైలును ఒక మార్పిడి ప్రోగ్రామ్ గుండా నడిపించాలి. మార్చేముందు అసలు ఫైలు నకలు ఒకటి ఉమ్మడి ఫోల్డర్ బయట విడిగా పెట్టుకోవాలి.

11.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

డాస్‌బాక్స్ మౌంట్ పద్ధతికీ, డాస్‌ఎము ఎల్‌రీడైర్ పద్ధతికీ గల తేడాను ఇంటరప్ట్ 21హెచ్ ఎవరి చేతిలో ఉన్నదన్న కోణం నుంచి వివరించండి. పత్రాలు ప్రచురించని ఏర్పాట్ల వల్ల డాస్ ప్రోగ్రామర్లు ఎదుర్కొన్న ఇబ్బందులను ఉదాహరణలతో చర్చించండి.